రొయ్యలు బాగనే ఉన్నయి

ఉప్పునీళ్ళ అక్వేరియం పని నేర్చుకునే పిల్లలు ఈ మధ్య మా ఇంటికి వస్తుంటరు. పని మానేసి, మోకాళ్ళకు నూనె రాసుకుంట కూసున్న మనిషిని. మాట్లాడేటోళ్ళు దొరికితే నాకూ సంబురమే. వాళ్ళు అడిగేదంతా లైట్ల గురించి, ఉప్పు గురించి, ఏ కోరల్, అంటే పగడం, ఎంత తొందరగ పెరుగుతదన్న దాని గురించి. నేను మాత్రం తిప్పి తిప్పి ఒక మధ్యాహ్నం దగ్గరికే వస్త. కరోనా రెండోసారి మీద పడ్డ ఎండాకాలంల మధ్యాహ్నం అది.  మా ఇంటిదాక రాని పిల్లలూ, మీకు కూడా ఒకసారి చెప్పి పెడితే మంచిదనిపించి రాస్తున్న.

మాది సిరిసిల్ల దిక్కు. సూరత్‌కు వచ్చింది మగ్గాల కోసమే. అక్కడి లింబాయత్ బస్తీల ఏండ్లకేండ్లు ఆ చప్పుడు వినీ వినీ చెవులు దెబ్బతిన్నయి. ఇగ ఈ పని వద్దని డాక్టరు అన్నంక ఒక అక్వేరియం దుకాణంల చేరిన. మొదట్ల బకెట్లు మోసుడు, అద్దాలు తుడుసుడు. దుకాణంల ఒక పెద్దాయన ఉండె, సలాబత్‌పురా మనిషి. అందరం ఉస్తాద్ అనేటోళ్ళం. ఆయనకు ఒక కన్ను మసక. బొంబాయిల పనిచేసే కాలంల పోయిందనేటోడు, ఎట్ల పోయిందని అడిగితే మాట మార్చేటోడు. నాకు ఈ పని చేతవట్టి నేర్పింది ఆయనే. ఇంట్లకు పోంగనే ముందుగాల రొయ్యలను చూడు, తర్వాతనే మిగతాదంతా అని చెప్పేటోడు.

ఎందుకంటే సముద్రపు నీళ్ళ ట్యాంక్‌ల చేపలు ఎట్లనో ఒకట్ల తట్టుకుంటయి. రొయ్య తట్టుకోదు. ఉప్పు జరంత ఎక్కువ తక్కువైనా, చేపల రోగానికి పోసే రాగి మందు చుక్క పడ్డా ముందు పోయేది అదే. కోరల్ ముడుచుకునేది దాని తర్వాత. అందుకే ఈ రెండింటిని కలిపి పెంచే ఇండ్లల్ల చేపలకు రోగమొచ్చినా ఆ ట్యాంక్‌ల మందు పొయ్యం, చేపను వేరే తొట్టిల పెట్టి చూసుకుంటం. రొయ్య మీసాలు ఊపుకుంట అద్దం దగ్గరికి వచ్చిందంటే ఆ ఇంట్ల నీళ్ళకు ఢోకా లేనట్టే. మా పనోళ్ళందరం ఆ గుర్తునే నమ్మేటోళ్ళం.

ఊర్లనే అడాజన్‌ల ఒక అపార్ట్‌మెంటుల మన దిక్కోళ్ళే ఉండె. వరంగల్ వాళ్ళు. భార్య మత్తు డాక్టరు, భర్తది కంప్యూటర్ నౌకరి, బడికి పోయే ఈడు పాప ఒకతె. డాక్టరమ్మకు కరోనా వార్డుల డ్యూటీ. ఇంటికి రోగం తేవద్దని ఆస్పత్రోళ్ళు ఇచ్చిన గదిలనే ఉండేది. సార్ ఇంట్లనే కూసోని పని చేసేటోడు. పాపకు బడి లేదు, ఆడుకునెతందుకు తోడు లేదు. మొదటిసారి కరోనా తగ్గినంక సార్ మా దుకాణానికి వచ్చి, నా బిడ్డ చూసుకుంట కూసునేటందుకు ఏదన్న పెట్టు అన్నడు. మేం ఆ హాల్ల ట్యాంక్ పెట్టినం. నీలం లైటు కింద ఊగే కోరల్స్, రెండు చిన్న చేపలు, ఒక జత రొయ్యలు. ఎర్రటి వీపు మీద తెల్లటి గీత ఉండే రకం అవి. చెయ్యి నీళ్ళల్ల పెడితే ఎక్కి కూసోని గోర్ల సందులల్ల మట్టిని ఏరి తింటయి. పాప చక్కిలిగిలికి నవ్వేది. సాయంత్రం అమ్మ వీడియో కాల్ చేస్తే ఫోన్‌ను తన ముఖానికి కాదు, ట్యాంక్ దిక్కు తిప్పేది. డాక్టరమ్మ ఆ అలసిన కండ్లతోనే రొయ్యలను చూసి, బిడ్డ గొంతు వినేది.

ఆ ట్యాంక్‌ల ఒక రాయి మీద ఊకెనే వచ్చిన కోరల్ ఒకటుండె. గోధుమరంగు, నడుమ పచ్చ చుక్క, అంగీ గుండీలంత సైజు. మేం బటన్ అనేటోళ్ళం. అది చాప పరిచినట్టు పాకుతది. పక్కన ఖరీదు కోరల్ ఉన్నా దాన్ని మింగుకుంట పోతది. దాన్ని బ్రష్‌తో రుద్దొద్దు, చేతికి కోసుకున్నప్పుడు ముట్టొద్దు, కండ్లకు అద్దాలు పెట్టుకో అని ఉస్తాద్ నాకు చెప్పిండు. నేను సార్‌కు అదే చెప్పిన. సార్ జాగ్రత్త మనిషి. ఒక్కసారి కూడా రుద్దలేదు.

ఇగ ఆ రోజు ముచ్చట. నీళ్ళు మార్చేటందుకు భోజనాల వేళ దాటినంక పోయిన. నది దాటే పుల్ మీద అంబులెన్సులు ఒకదాని వెనుక ఒకటి పోతున్నయి. ఆ అపార్ట్‌మెంటు సొసైటీ గేటు కాడ వాచ్‌మన్ నా నొసటి దగ్గర మిషిన్ పెట్టి చూసి, చేతుల మీద శానిటైజర్ పోసి లోపలికి పంపిండు. బెల్ కొడితే సార్ తలుపు తీసిండు. కండ్లు చింతనిప్పుల్లెక్క ఉన్నయి. నాకు దూరం జరుగుమని చెయ్యి ఊపిండు, ఆ వెంటనే దగ్గు. వంగిపోయి దగ్గిండు. లోపల సోఫా మీద పాప దుప్పటి కప్పుకొని వణుకుతున్నది. అంత ఎండల, దుప్పటి.

నా కాళ్ళు వాటంతటవే వెనక్కి నడిచినయి. ఆ రోజులల్ల దగ్గు వినపడితే వేరే పేరు పెట్టే పని లేకుండె. లింబాయత్‌ల మా ఇల్లు ఒక్కటే గది. అండ్లనే మా ఆమె, ఆమె షుగరు. నేను గడప బయటనే నిలబడ్డ. పొద్దున బాగనే ఉన్నం, ఇప్పుడు ఇద్దరికీ చలిజ్వరం, ఛాతి పట్టేసినట్టున్నది అని సార్ చెప్పిండు. టెస్టుకు మనిషి రేపు గాని రాడట.

అలవాటు కదా, నా కండ్లు ట్యాంక్ దిక్కు పోయినయి. ఒక రొయ్య రాయి అంచుకు తలకిందులుగ వేలాడుతున్నది. ఇంకోటి నన్ను చూసి మేత అనుకొని అద్దం దగ్గరికి ఉరికి వచ్చింది. చేపలు తిరుగుతున్నయి, కోరల్స్ విచ్చుకొని ఉన్నయి.

"రొయ్యలు బాగనే ఉన్నయి సార్" అన్న.

ఆయన ముఖం జరంత తేటబడ్డది. అట్ల ట్యాంక్ సంగతి మా ఇద్దరి మనసుల నుంచి పోయింది. నీళ్ళు ఇంకోసారి మారుస్త, మీరు డాక్టరమ్మకు ఫోన్ చెయ్యిండ్రి అని చెప్పి తిరగబోయిన. అప్పుడు ముక్కుకు ఒక వాసన తగిలింది. మాస్కుల నుంచి కూడా తగిలింది. నీసు ఉడికిన వాసన, కాని వంట వాసన కాదు. ఏమన్న వండిండ్రా అని అడిగిన. వంట కాదు, బటన్ పట్టిన రాయిని తీసి పొద్దున పెద్ద గిన్నెల మరగబెట్టిన అన్నడు. రుద్దొద్దన్నవు కదా, ఉడకబెడితే అన్నీ చచ్చిపోయి రాయి సాఫ్ అయితది అనుకున్నడట. ఆ రోజులల్ల ప్రతి ఇంట్ల అదే పని. కూరగాయలకు ఉడుకునీళ్ళు, మాస్కులకు ఉడుకునీళ్ళు, ముక్కుకు ఆవిరి. హాల్ల ఏసీ నడుస్తున్నదని కిటికీలన్నీ మూసే ఉన్నయట. పాప పొయ్యి పక్కన స్టూలు ఏసుకొని బుడగలు చూసిందట.

"రొయ్యలు రోజు దాని మీదనే నడుస్తయి కదా" అన్నడు సార్. "రొయ్యకే ఏం కానిది మనకేమైతది అనుకున్న."

నాకు కూడా ఏం తెలియదు. ఉడకబెట్టొద్దని నాకు ఎవ్వరు చెప్పలేదు, ఉడకబెట్టే మనిషిని నేనెప్పుడు చూడలేదు. కాని ఆ వాసన నా గొంతుల గీరుతున్నది. ఉస్తాద్‌కు ఫోన్ చేసిన. ఆయన అప్పటికే కరోనాతో మంచం పట్టి ఉన్నడు. ఆస్పత్రిల జాగ దొరకక ఇంట్లనే, కొడుకు ఎక్కన్నుంచో తెచ్చిన సిలిండర్ పెట్టుకొని. ఫోన్ ఎత్తుతడని నేను అనుకోలేదు. ఎత్తిండు. హిందీల ఒక్కొక్క మాట పోగేసుకొని మాట్లాడిండు. నేను మరగబెట్టిండ్రు అనంగనే నా మాటకు అడ్డమొచ్చిండు. 

"అందర్ని బయటికి తియ్" అన్నడు. "నువ్వు కూడ. నా కన్ను దాని విషంతోనే పోయింది. ఒక్క చుక్క చిమ్మింది, అంతే. ఆవిరైతే ఛాతిలకు పోతది."

ఇంకేదో చెప్పబోయిండు. దగ్గు వచ్చింది. ఆ దగ్గు ఆగలేదు. కొడుకు ఫోన్ తీసుకొని పెట్టేసిండు.

నేను గడప దాటిన.  లోపల ఉన్నది కరోనానో, ఉస్తాద్ చెప్పిన విషమో నాకు తెలియదు. రెండింట్ల ఏదైనా ఛాతిలకు పొయ్యేదే. కిటికీలు తెరిచిన, ఏసీ బంద్ చేసిన. పాపను దుప్పటితోనే ఎత్తుకున్న. ఒళ్ళు కాలుతున్నది. శ్వాస తీసుకుంటే గొంతుల పిల్లి కూసినట్టు ఇనపడుతున్నది. నా మెడ పట్టుకొని, అంకుల్, నోట్లె పైసల బిళ్ళ పెట్టుకున్నట్టుంది అన్నది.

వరండాలకు వచ్చినం. సార్ దగ్గుకు ఎదురు ఫ్లాటు తలుపు తెరుచుకున్నది, అంతే జల్ది మూసుకున్నది. లోపల గొళ్ళెం పెట్టిన చప్పుడు. పక్క తలుపు కూడా అంతే. సొసైటీ సెక్రటరీ మెట్ల కింద నుంచే అరిచినట్టు మాట్లాడిండు. గుజరాతీ మనిషి, బట్టల యాపారం. లిఫ్ట్ ఎక్కొద్దు, వరండాల నిలబడొద్దు, లోపలికి పోయి తలుపు వేసుకోండ్రి, కార్పొరేషన్‌కు ఫోన్ చేస్త, వాళ్ళు వచ్చి సీల్ చేస్తరు అన్నడు. ఆయన చెడ్డోడు కాదు. ఆ నెలలనే సొంత తమ్ముణ్ణి కరోనాకు పోగొట్టుకున్నడు. ముఖం కూడ చూడనియ్యలేదట. ఆయన కండ్లల్ల ఉన్న భయం నా కండ్లల్ల ఉన్నదాని లెక్కనే ఉండె. కాని లోపలికి పోతే మళ్ళా ఆ గాలే. బయట నిలబడనియ్యరు. పాపను ఎత్తుకొని మెట్ల మీద నిలబడ్డ. కిందికి పోరాదు, వెనక్కి పోరాదు.

సార్ డాక్టరమ్మకు ఫోన్ చేసిండు. వార్డుల ఉన్నప్పుడు ఆమె ఎత్తదు. ఆ పూట ఎత్తింది. స్పీకర్ల పెట్టి నేను చెప్పిన. రాయి, ఆవిరి, ఉస్తాద్ కన్ను, అన్నీ ముందు వెనక అయినయి. ఆమె నన్ను ఆపలేదు. చెప్పుడు అయిపోయినంక మెల్లగ అడిగింది.

"రుచి తెలుస్తలేదా అన్నా, లేకపోతే వేరే రుచి వస్తున్నదా?"

ఇనుము రుచి వస్తున్నదని సార్ చెప్పిండు. పాపకు పైసల బిళ్ళ అని నేను చెప్పిన. ఇద్దరికీ ఒకటేసారి మొదలైందా అని అడిగింది. ఔనన్నం. 

"నువ్వు చెప్పే విషం సంగతి నేనెప్పుడు వినలేదు" అన్నది. "కాని ఇది నేను రోజు చూస్తున్న కరోనా తీరుగ లేదు. నా దగ్గరికి మాత్రం తేవద్దు. ఇక్కడికొస్తే మీకు లేనిది కూడ అంటుకుంటది. ముందుగాల గాలి ఉన్న దగ్గరికి, డాబా మీదికి పోండ్రి."

డాబా తలుపుకు తాళం. తాళంచెవి సెక్రటరీ దగ్గర. డాక్టరమ్మ ఫోన్ స్పీకర్లనే ఆయనతోని మాట్లాడింది. ఏం మాట్లాడిందో నాకు సగమే సమజైంది, గుజరాతీ హిందీ కలిపి మాట్లాడింది. బతిమాలలేదు, కోపం చెయ్యలేదు. రోగికి సూది వేసే ముందు ఎట్ల చెప్తరో అట్ల చెప్పింది. ఆయన తాళంచెవి మెట్ల మీదికి విసిరిండు. అది నా కాళ్ళ దగ్గర పడ్డది.

డాబా మీద ఎండ మండుతున్నది. నీళ్ళ ట్యాంకు నీడల పాపను కూసోబెట్టిన. కింద ఊరంతా మామూలుగనే ఉన్నట్టుంది, సైరన్ ఒక్కటే ఆగుతలేదు. అప్పటికి నా నోట్లె కూడ అదే రుచి మొదలైంది. నాలిక కింద సన్నటి మంట. మా ఆమెకు ఫోన్ చేసి, నేను ఈ రాత్రి రాను, తలుపు వేసుకో అని మాత్రం చెప్పిన. ఎందుకు అని అడుగుతుంటేనే ఫోన్ పెట్టేసిన.

డాక్టరమ్మతో చదువుకున్నామె ఒకామె అడాజన్‌లనే చిన్నపిల్లల నర్సింగ్ హోం నడుపుతది. అక్కడికి తీసుకురమ్మన్నది. కాని పోవుడెట్ల? అంబులెన్సుకు చేస్తే మోగుతనే ఉన్నది. ఆటోవాళ్ళు జ్వరం అని వింటే పెట్టేస్తున్నరు. సార్‌కు కారుంది, నడిపే బలం లేదు. నాకు నడుపుడు రాదు. పాప శ్వాస అప్పటికి ఇంకింత గట్టిగ వినపడుతున్నది. పక్కటెముకల నడుమ చర్మం లోపలికి గుంజుకుంటున్నది. నేను దాన్ని చూడలేక ఎదురుంగ గోడ చూసుకుంట కూసున్న.

అప్పుడు డాబా తలుపు దగ్గర సెక్రటరీ కనపడ్డడు. మాస్కు మీద మాస్కు, దాని మీద దస్తీ. చాలాసేపటి నుంచి అక్కడనే నిలబడి పాపను చూస్తున్నడనుకుంట. దగ్గరికి రాలేదు. "కింద గాడి తెచ్చి పెట్టిన. రాండ్రి" అన్నడు, అంతే. కారు అద్దాలన్నీ దించి నడిపిండు. వెనక సీట్ల మేం ముగ్గురం, పాప నా ఒళ్ళె. 

నర్సింగ్ హోంల ఇంకో భయం. చటుక్కున చేసే టెస్టు చేసిండ్రు, కరోనా లేదని వచ్చింది. ఆ టెస్టును నమ్మరాదని అప్పటికి ఊరందరికీ తెలుసు. ఛాతి ఫోటో తీసిండ్రు. అండ్ల రెండు దిక్కుల తెల్ల మసక. అచ్చం కరోనా లెక్కనే ఉన్నదని అక్కడి డాక్టరు అన్నది. కరోనా వార్డు ఉన్న పెద్దాస్పత్రికి పంపాలె అన్నది. ఆమె తప్పేం లేదు, ఆమె చోట్ల ఎవరున్నా అదే అంటరు. ఫోన్‌ల మన డాక్టరమ్మ మాత్రం ఒప్పుకోలేదు. పాపను అక్కడికి పంపితే ఇప్పుడున్నది తగ్గకముందే కరోనా పట్టుకుంటది, వేరే గది ఇయ్యి, ఆక్సిజన్ పెట్టు, మిగతాది నా మీద వదిలిపెట్టు అన్నది. ఇద్దరు డాక్టర్లు చాలాసేపు మాట్లాడుకున్నరు. ఆమె తన బిడ్డ సంగతి మాట్లాడుతున్నదని నేనొక్కణ్ణే కాదు, అందరం మర్చిపోయినట్టుండె. ఆఖరుకు మా ముగ్గురికీ కలిపి మూల గది ఇచ్చిండ్రు. దీనికి విరుగుడు మందంటూ ఏది లేదు, శ్వాసకు సాయం చేసుకుంట చూసుడే అన్నరు.

ఆ చూసుడు ఎట్ల ఉంటదో చెప్పలేను. నేను అదే గదిల తలుపు పక్కన బెంచీ మీద పండుకున్న. నాకు జ్వరం, కాళ్ళల్ల తిమ్మిరి. అయినా పాప కంటే నయమే. ఆమె ముక్కు మీద మాస్కుల నుంచి పొగలెక్క మందు పోతుంటే, ఛాతి లేచి పడుడు చూసుకుంట ఉండేటోణ్ణి. సాయంత్రం వీడియోల అమ్మ వచ్చేది. పీపీఈ కిట్టు విప్పినంక ముఖం మీద గీతలు గీతలుగ ఉండేవి. పాప మాట్లాడేది కాదు, చెయ్యి ఊపేది.  తెర మీద అంకెలు చూపించు అన్నా అని అమ్మ నాతోని అనేది. నేను మిషిన్ దిక్కు ఫోన్ తిప్పేటోణ్ణి.

ఒక పొద్దుగాల పాప లేచి ఇడ్లీ కావాలె అన్నది. నర్సు నవ్వింది. సార్ గోడ దిక్కు తిరిగి ఏడ్చిండు. ఆయనకు పూర్తిగ తగ్గెతందుకు ఇంకా చాలా రోజులు పట్టింది, మెట్లెక్కితే ఇప్పటికీ ఆయాసమట. తర్వాత చేసిన పెద్ద టెస్టుల కూడా మా ముగ్గురికీ కరోనా లేదనే వచ్చింది. సెక్రటరీకి కూడా ఏం కాలేదు.

ఉస్తాద్ బతకలేదు. మేం ఆస్పత్రిల ఉన్నప్పుడే పోయిండు. నాతోని మాట్లాడినంక ఆయన ఇంక దుకాణపోళ్ళెవ్వరితోని మాట్లాడలేదని కొడుకు తర్వాత చెప్పిండు. అంత ఆయాసంల ఆ ఫోన్ ఎందుకు ఎత్తిండో నాకు తెలియదు. మట్టికి పోలేకపోయిన. ఇన్నేండ్లు కన్ను సంగతి ఎందుకు చెప్పలేదో కూడా అడగలేకపోయిన. పని నేర్పేటోడు తన దెబ్బను దాచుకుంటడు, తన దగ్గర నేర్చుకునే శాగిర్దుల ముందు చిన్నబోవుడు ఇష్టముండదు. పిల్లలూ, మీరు మీ దెబ్బలు దాచుకోకుండ్రి. ఎట్ల తగిలిందో కూడా చెప్పుండ్రి.

కరోనా జర తగ్గినంక డాక్టరమ్మ ఇంటికొచ్చింది. నన్ను పిలిచి ఆ బటన్ అంతా తీసెయ్యాలె అన్నది. సార్ ట్యాంకే వద్దన్నడు. పాప రొయ్యలను ఇయ్యనని ఏడ్చింది. ఆఖరుకు మిగతా కోరల్స్, రొయ్యలు ఉండాలె, బటన్ పోవాలె అని ఖాయమైంది. తండ్రీబిడ్డలను సెక్రటరీ ఇంట్ల కూసోబెట్టినం. అన్ని కిటికీలు తెరిచి, చేతులకు పొడుగు తొడుగులు, కండ్లకు అద్దాలు పెట్టుకొని డాక్టరమ్మ, నేను పని చేసినం. రాళ్ళను నీళ్ళల్లనే సంచుల్లకు దింపి, మూతి కట్టి, డాబా మీదికి తీస్కపోయి, బ్లీచింగ్ నీళ్ళు కలిపిన బకెట్ల ముంచినం.  కింద ట్యాంక్‌ల రొయ్యలు ఖాళీ అయిన జాగల అటిటు తిరిగి, కొత్త సందు వెతుక్కుంటున్నయి.

పని అయిపోయినంక తొడుగులు విప్పి, ఆమె డాబా గోడకు ఆనుకొని కూసున్నది. 

"వార్డుల ఫోన్ నా దగ్గరుండదు అన్నా" అన్నది. "లాకర్ల ఉంటది. ఆ రోజు చెమటకు కండ్లద్దాలు మసకబారి ఏం కనపడక బయటికొచ్చిన. మార్చుకొని మళ్ళా లోపలికి పోతుంటే మోగింది. లోపలికి పోయి ఉంటే సాయంత్రం దాక చూసుకునేదాన్ని కాదు."

  కింద నుంచి పాప పిలిస్తే ఆమె లేచి పోయింది. నేను బకెట్ మూత గట్టిగ ఒత్తిన. నాలుగడుగులు వేసినంక మళ్ళా వెనక్కి వచ్చి ఇంకోసారి ఒత్తి చూసిన.